కాకినాడ చేరిన హాల్డేన్ గారు

మన సంఘం ప్రత్యేక సంచికకు గతించిన మహనీయులలో ఒకరి జీవితం రాసి ఇవ్వవలసిందిగా కార్యదర్శిగారు సభ్యులందరికీ సర్క్యులర్ పంపారు. అది నా చేతికి అందేసరికి ప్రకాశం పంతులుగారిని ఒకరు, కాటన్ దొరగారిని ఒకరు, వీరేశలింగం పంతులుగారిని ఏకంగా ఇద్దరు పుచ్చేసుకున్నారు. నేను హాల్డేన్ అనే జీవశాస్త్రవేత్త పేరు చెప్పగానే కార్యదర్శిగారు కళ్ళద్దాలు సవరించుకుని, ఆయనకూ మన పెన్షనర్లకూ ఏమిటండీ సంబంధం అన్నారు. సంబంధం ఉంది. ఇంగ్లండులో పుట్టిన ఆ పెద్దమనిషి భౌతికకాయం ఆయన వీలునామా ప్రకారం మన కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు చేరింది. అంతకంటే దగ్గర సంబంధం ఇంకొకటి కూడా ఉంది. అది మా ఇంటి సంగతి, మధ్యలో మనవి చేస్తాను.

నేను చదివినది బి.కాం., చేసినది గుమాస్తా ఉద్యోగం. నాకు జీవశాస్త్రం అంటుకోవడానికి కారణం మా కోడలు. ఆమె జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెబుతుంది. కొత్త పాఠం ఏదైనా చెప్పవలసి వస్తే ముందురోజు రాత్రి నన్ను కూర్చోబెట్టి చెబుతుంది. మామయ్యగారికి అర్థమైతే పిల్లలకూ అర్థమైనట్టే అని ఆమె లెక్క. ఆ విధంగా ఒకరోజు ఉత్పరివర్తనం అనే పాఠం వచ్చింది. జన్యువులో ఆకస్మికంగా వచ్చే, సంతానానికి సంక్రమించగలిగే మార్పును ఉత్పరివర్తనం అంటారు. ఇంగ్లీషువారి మాట మ్యుటేషన్. హ్యూగో డి వ్రీస్ అనే డచ్చి శాస్త్రజ్ఞుడు 1901లో ఆ మాటను వాడుకలోకి తెచ్చాడట. మా కోడలి ఇబ్బంది ఏమంటే, పిల్లలు నిర్వచనం అప్పజెబుతారు గాని మనసులో మాత్రం రెండు అపోహలు ఉంచుకుంటారు. ఉత్పరివర్తనం అంటే సినిమాలో సాలీడు కుట్టి మనిషికి శక్తులు రావడం అనేది ఒకటి. ప్రాణికి అవసరం కలిగితే దానికి తగినట్టు జన్యువు మారుతుందనేది రెండవది.

ఆమె చెప్పినంతా విని నేను, ఇది మా సర్వీసు రిజిస్టరు వ్యవహారమే కదమ్మా అన్నాను. ఒక కార్యాలయంలో ఒక ఉద్యోగి సర్వీసు రిజిస్టరు చిరిగిపోతే మరొక పుస్తకంలోకి ఎత్తి రాశారు. పుట్టిన సంవత్సరం 1938లోని ఎనిమిది, రాసిన గుమాస్తా కంటికి మూడుగా కనిపించింది. అక్కడినుంచి సీనియారిటీ జాబితాలోనూ, ఇంక్రిమెంట్ల రిజిస్టరులోనూ 1933 అనే పడింది. తరువాత వచ్చినవారు అందరూ ఉన్నది ఉన్నట్టు జాగ్రత్తగానే నకలు తీశారు, తప్పుతో సహా. అయిదేళ్ళు ముందుగా రిటైర్మెంటు నోటీసు వచ్చిన రోజున ఆ మనిషి లబోదిబోమన్నాడు. మొదట రాసినవాడికి అతనిమీద కక్ష లేదు, అవసరమూ లేదు. వేలకొద్దీ పుటలు రాసేవాడి చేతిలో ఎక్కడో ఒకచోట జారింది, అంతే. అన్ని తప్పులూ ఇలా కొంప ముంచవు. పేరు ముందు శ్రీ అని వేయడం మరచిపోతే ఎవరికీ నష్టం లేదు. ఒక్కొక్కసారి పొరపాటున ఇంక్రిమెంటు కలిసివచ్చిన అదృష్టవంతులనూ చూశాను. ఉత్పరివర్తనాలలోనూ ఈ మూడు రకాలూ ఉన్నాయని కోడలు సంతోషించింది. మనిషి ప్రతి కణంలో తల్లినుంచి వచ్చిన ప్రతి ఒకటి, తండ్రినుంచి వచ్చిన ప్రతి ఒకటి ఉంటాయనీ, ఒక్కొక్క ప్రతిలో సుమారు 300 కోట్ల అక్షరాలనీ, కణం రెండయినప్పుడల్లా అదంతా ఎత్తి రాయవలసిందేననీ చెప్పింది. అన్ని కోట్ల అక్షరాలు రాసే గుమాస్తా ఎంత అరుదుగా తప్పు చేస్తాడో తలుచుకుంటే నాకు సిగ్గు వేసింది.

ఆ తప్పు మనిషిలో ఎంత తరచుగా దొర్లుతుందో అంకె వేసి చెప్పిన తొలి మనిషి ఎవరని అడిగితే ఆమె చెప్పిన పేరే హాల్డేన్. ఆ పేరు పట్టుకుని గ్రంథాలయంలో దొరికినంత చదివాను.

జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్ గారు 1892 నవంబరు 5న ఆక్స్‌ఫర్డులో జన్మించారు. తండ్రిగారు జాన్ స్కాట్ హాల్డేన్ శరీరధర్మశాస్త్రంలో పేరుమోసిన పండితులు. బొగ్గుగనులలో మనుషులు ఏ గాలికి చనిపోతున్నారో కనిపెట్టడం ఆయన పని. కొడుకునూ వెంట తీసుకుపోయేవారు. ఒకసారి గనిలో పైభాగాన విషవాయువు నిండిన చోట పిల్లవాణ్ణి నిలబెట్టి షేక్‌స్పియరు నాటకంలోని ఉపన్యాసం అప్పజెప్పమన్నారు. కొంత చెప్పేసరికి కాళ్ళు తేలిపోయి కుర్రవాడు కింద పడ్డాడు. కింద గాలి మంచిది కనుక తేరుకున్నాడు. ఆ వాయువు తేలికైనదని, పైకి చేరుతుందని పాఠం అలా ఒంటబట్టింది. మన ఇళ్ళలో ఏ తండ్రి అయినా ఈ పని చేస్తే నలుగురూ గడ్డి పెడతారు. ఆయన మాత్రం ఆ చదువును జీవితాంతం మరచిపోలేదు. పెద్దయ్యాక ఏ ప్రయోగమైనా ముందు తన ఒంటిమీదే చేసుకున్నారు.

ఈటన్ పాఠశాలలోనూ, ఆక్స్‌ఫర్డులోనూ ఆయన చదివింది గణితం, ఆ పైన గ్రీకు, లాటిను సాహిత్యం. సైన్సులో డిగ్రీ లేదు. ఈ విషయం మన పిల్లలకు చెబితే నమ్మరు. చెల్లెలు నేయోమీతో కలిసి ఇంట్లో చుంచులను పెంచి, వాటి రంగులు ఏ వరుసలో పిల్లలకు వస్తున్నాయో లెక్క రాసుకునేవారు. ఆ చెల్లెలే తరువాత నేయోమీ మిచిసన్ అనే పేరుతో రచయిత్రిగా ప్రసిద్ధికెక్కారు. మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. ఆయన బ్లాక్ వాచ్ పటాలంలో చేరి ఫ్రాన్సులోనూ, మెసొపొటేమియాలోనూ పోరాడి గాయపడ్డారు. చుంచుల లెక్క మీద అన్నాచెల్లెళ్ళూ, మరొక స్నేహితుడూ కలిసి రాసిన పరిశోధన వ్యాసం యుద్ధకాలంలోనే 1915లో అచ్చయింది. ఆ స్నేహితుడు యుద్ధంలోనే మరణించాడు. గాయాలు మానడానికి ఆయనను మన దేశానికి పంపారు. అప్పుడే ఈ దేశం మీద ఆయనకు మనసు పడింది.

యుద్ధం తరువాత 1923 నుంచి కేంబ్రిడ్జిలో, 1933 నుంచి లండన్ యూనివర్సిటీ కాలేజీలో పనిచేశారు. కేంబ్రిడ్జిలో ఒక విడాకుల కేసులో పేరు రావడంతో ఉద్యోగం తీసేశారు. అప్పీలు చేసి తిరిగి సంపాదించుకున్నారు. అప్పీలు విలువ మనకు తెలుసు గనుక ఆ ముచ్చట వదలలేకపోయాను.

మా కోడలి విద్యార్థుల రెండవ అపోహకు జవాబు ఆయన 1924లో మొదలుపెట్టిన వ్యాసాలలో ఉంది. మాంచెస్టర్ ప్రాంతంలో తెల్లని రెక్కల మీద నల్లచుక్కలున్న చిమ్మెటలు ఉండేవి. 1848లో అక్కడ నల్లది ఒకటి కనిపించింది. ఫ్యాక్టరీల మసితో చెట్లు నల్లబడగా, ఆ శతాబ్దం ముగిసేసరికి ఆ చుట్టుపక్కల దాదాపు అన్నీ నల్లవే. మసి చూసి చిమ్మెట రంగు మార్చుకోలేదు. నల్లరంగుకు కారణమైన రాతతప్పు ఎక్కడో ఒక దానిలో ముందే దొర్లింది. నల్లని మానుమీద తెల్లది పిట్టల కంటబడింది, నల్లది తప్పించుకుంది. అంత తక్కువ కాలంలో అన్నీ నల్లవి కావాలంటే తెల్లవాటికంటే నల్లవి సుమారు ఒకటిన్నర రెట్లు సంతానాన్ని మిగల్చవలసి ఉంటుందని హాల్డేన్ గారు కాగితం మీద లెక్క తేల్చారు.

ఇక ఆయన చేసిన పనులలో నాకు అన్నిటికంటే గొప్పదనిపించినది చెబుతాను. హీమోఫీలియా అనే జబ్బు ఉంది. అది ఉన్నవారికి దెబ్బ తగిలితే నెత్తురు గడ్డకట్టదు. దాని జన్యువు ఎక్స్ అనే క్రోమోజోము మీద ఉంటుంది. ఆడవారికి ఎక్స్ రెండు, మగవారికి ఒక్కటి. ఆడమనిషికి ఒక ప్రతి పాడైనా రెండవది ఆదుకుంటుంది కాబట్టి సాధారణంగా జబ్బు బయటపడదు. మగపిల్లవాడికి ఉన్న ఒక్కటే పాడైతే ఆదుకునేది లేదు. ఆ రోజుల్లో అటువంటి పిల్లలు చాలామంది పెళ్ళిఈడు రాకముందే చనిపోయేవారు. అంటే వారితో పాటు ఆ తప్పు ప్రతీ పోతుంది. అలాగైతే కొన్ని తరాలలో ఈ జబ్బు లోకంలోనే లేకుండా పోవాలి. పోలేదు.

జి.పి.ఎఫ్. లెడ్జరు చూసినవారికి హాల్డేన్ గారి తర్కం వెంటనే బోధపడుతుంది. ఖాతాలోంచి ప్రతి ఏడూ సొమ్ము తీస్తున్నారు, అయినా నిలవ తగ్గడం లేదు. అయితే మనకు కనబడని జమ ఎక్కడో పడుతూ ఉండాలి, అదీ తీసినంత. ఒక ఆడ, ఒక మగ కలిస్తే ఎక్స్‌లు మూడు, అందులో మగవాడిది ఒకటి. కనుక తప్పు ప్రతులలో మూడో వంతు మగవారిలో ఉండి తరంతరం పోతున్నాయి. నిలవ తగ్గలేదు కనుక మూడో వంతు కొత్తగా పుడుతున్నాయి. అంటే ఈ జబ్బుతో పుట్టిన మగపిల్లల్లో సుమారు మూడో వంతు మందికి అది తల్లి వంశంనుంచి వచ్చింది కాదు. ఆ బిడ్డకు కారణమైన అండంలోనే కొత్తగా దొర్లిన రాతతప్పు. 1935లో అచ్చయిన వ్యాసంలో ఆయన ఈ తప్పు దొర్లే వేగాన్ని తరానికి సుమారు 50,000 ప్రతులకు ఒకటిగా అంచనా కట్టారు. సూక్ష్మదర్శిని లేదు, డి.ఎన్.ఏ. ఆకారం తెలియడానికి ఇంకా 18 ఏళ్ళు ఉంది. జమాఖర్చుల లెక్కతో కనబడని దాన్ని పట్టుకున్నారు.

ఇప్పుడు మా ఇంటి సంగతి. మా అక్కయ్యను 1961లో మా మేనమామకే ఇచ్చారు. అంటే మా అమ్మమ్మే ఆమెకు అత్తగారు. 1965లో కొడుకు పుట్టాడు. పాకే వయసులో మోకాళ్ళమీద నల్లగా కమిలిన మచ్చలు వచ్చేవి. దృష్టి అన్నారు, తాయెత్తు కట్టారు. నడక వచ్చాక కీళ్ళు వాచి రోజుల తరబడి మంచం దిగేవాడు కాదు. 1973లో, ఎనిమిదో ఏట, పన్ను ఊడినచోట నెత్తురు ఆగలేదు. అప్పట్లో ఇప్పటిలా ఫ్యాక్టర్ ఇంజెక్షన్లు మా వంటివారికి అందుబాటులో లేవు. ఆరో రోజున పోయాడు. మా రెండు వైపులా ఎవరికీ అటువంటి జబ్బు ఎరగం. పెద్ద డాక్టరుగారు జబ్బు పేరు చెప్పి, ఇది తల్లినుంచి వస్తుంది అని ఒక్క ముక్క అని వెళ్ళిపోయారు. ఆయన అన్నది అబద్ధం కాదు, అందులో సగమే నిజం. ఆ ఒక్క ముక్క మా ఇంట్లో ఇరవై అయిదేళ్ళు బతికింది. అమ్మమ్మ నోరు చెడ్డది కాదు గాని, దుఃఖంలో ఆ కడుపు మంచిది కాదనేసింది. ఊళ్ళోవాళ్ళు మేనరికం వల్ల అన్నారు. అక్కయ్య తరువాత ఎవరి పసిపిల్లనూ ఎత్తుకోలేదు, తన కూతుర్ని తప్ప. 1998లో ఆమె కూడా పోయింది.

ఆమె తరఫున ఒక మాట మాట్లాడవలసిన తమ్ముణ్ణి నేను. మాట్లాడలేదు. నాకూ తెలియదు అప్పటికి, తెలుసుకుందామన్న ధ్యాసా లేకపోయింది.

మేనరికానికీ ఈ జబ్బుకూ సంబంధం లేదు. రెండు ప్రతులూ పాడైతే గాని బయటపడని జబ్బులు వేరే ఉన్నాయి, దగ్గర చుట్టరికంలో అవి వచ్చే అవకాశం ఎక్కువ. మగపిల్లవాడికి హీమోఫీలియా రావడానికి తండ్రి ఎవరైనా ఒకటే. అంతేకాదు, 1947లో హాల్డేన్ గారు మరొక సంగతి పట్టుకున్నారు. ఈ కొత్త తప్పులు తల్లులలో కంటే తండ్రులలోనే చాలా ఎక్కువగా దొర్లుతున్నాయని. అండాల తయారీలో నకలు రాసే పని ఆడపిల్ల పుట్టకముందే పూర్తవుతుంది. మగవాడిలో ఆ పని యావజ్జీవం సాగుతుంది, నకళ్ళు పెరిగినకొద్దీ తప్పులూ పెరుగుతాయి. 2012లో ఐస్‌లాండు శాస్త్రజ్ఞులు జన్యువులన్నీ చదివి, ప్రతి బిడ్డలోనూ సుమారు 60 కొత్త మార్పులు ఉంటాయని, వాటిలో ఎక్కువ తండ్రివేనని, తండ్రి వయసుతో అవి పెరుగుతాయని తేల్చారు. విక్టోరియా రాణి పూర్వీకులలో ఎవరికీ తెలియని ఈ జబ్బు ఆమె కొడుకు లియోపోల్డుకు వచ్చింది. 1884లో జారిపడి 30 ఏళ్ళకే మరణించాడు. ఆమె కూతుళ్ళ ద్వారా రష్యా, స్పెయిన్ రాజకుటుంబాలకు పాకింది. ఆ రాతతప్పు రాణిగారి తండ్రిలో దొర్లి ఉండవచ్చునని హాల్డేన్ గారు ఊహించారు. ఆమె పుట్టేనాటికి ఆయనకు 51 ఏళ్ళు. అంత రాజ్యంలో ఎవరూ ఆయన్ను నిందించిన దాఖలా నేను చదవలేదు.

మా అక్కయ్య కొడుకు ఆ మూడో వంతులో ఒకడో, మిగతా రెండు వంతులలోవాడో నేను చెప్పలేను. ఒకవేళ అక్కయ్యలోనే ఆ ప్రతి ఉన్నా అది మా నాన్నగారి నుంచి వచ్చి ఉండవచ్చు. అక్కయ్య పుట్టేసరికి నాన్నగారికి నలభై దాటాయి.

కష్టం కలిగించే మార్పులోనూ ఒకచోట లాభం ఉండవచ్చునని 1949లో హాల్డేన్ గారు సూచించారు. తలసీమియా అనే రక్తహీనత మలేరియా ఉన్న దేశాలలోనే ఎందుకు ఎక్కువ? ఒక ప్రతి మాత్రమే మారినవారిని అది మలేరియానుంచి కాపాడుతుందేమో అన్నారు. కొడవలి కణాల వ్యాధి విషయంలో అది నిజమని అయిదేళ్ళకు ఆఫ్రికాలో ఆలిసన్ అనే డాక్టరు రుజువు చేశారు. మన ఏజెన్సీ గిరిజనులలో ఆ వ్యాధి కనబడడానికి వెనక కథ ఇదే.

ఆయనలో లోపాలు లేవని అనను. కోపిష్టి. కమ్యూనిస్టు పార్టీ పత్రికలో సామాన్యులకు సైన్సు ఎంత చక్కగా విప్పి చెప్పారో, రష్యాలో లైసెంకో అనేవాడు జన్యుశాస్త్రాన్నే కాదంటుంటే అంతకాలం గట్టిగా ఖండించలేకపోయారు. తనను 1928లో రష్యాకు ఆహ్వానించిన వావిలోవ్ పండితుడు 1943లో జైలులో మరణించాడు. తెలిసిన మనిషి తెలిసిన విషయంలో మౌనంగా ఉండడం నాకు నచ్చలేదు. ఆ వాక్యం రాసి కొంచెంసేపు కలం పక్కన పెట్టాను. 1950 ప్రాంతంలో ఆయన ఆ పార్టీకి దూరమయ్యారు.

1957లో భార్య హెలెన్ స్పర్వేతో కలిసి మన దేశానికి వచ్చేశారు. సూయజ్ కాలువ మీద బ్రిటన్ చేసిన దాడి ఒక కారణంగా చెప్పారు. ఆమె కూడా జీవశాస్త్రజ్ఞురాలే. లండన్‌లో పోలీసు కుక్క తోక తొక్కిన కేసులో జరిమానా కట్టనని జైలుకు వెళ్ళిన ఇల్లాలు. మహలనోబిస్ గారి ఆహ్వానంపై కలకత్తా స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. లాల్చీ పైజమా కట్టారు, శాకాహారి అయ్యారు, ఈ దేశ పౌరులయ్యారు. ఖరీదైన యంత్రాలు లేవని విచారించకుండా, లెక్కపెట్టడం వస్తే చాలు పరిశోధన చేయవచ్చునని కుర్రవాళ్ళకు నేర్పారు. ఒక శిష్యుడు పారిజాతం పూల రేకులు లెక్కపెట్టాడు. డేవిస్ అనే ఆయన కొబ్బరిచెట్టు మట్టలు ఎడమకు తిరిగాయా, కుడికి తిరిగాయా అని తోటల్లో చూసుకుంటూ పోయాడు. కోనసీమలో పుట్టిన నేను ఇన్నేళ్ళలో ఒక్కసారీ అటు చూడలేదు. తెలుగువారైన ద్రోణంరాజు కృష్ణారావుగారు ఆయన శిష్యులై, ఆంధ్రదేశంలో మేనరికాల గురించి 1960ల మొదట్లో మీరాఖాన్ గారితో కలిసి వివరాలు సేకరించి ప్రకటించారు. తరువాత అమెరికాలో స్థిరపడి గురువుగారి జీవితచరిత్ర రాశారు.

ఇన్‌స్టిట్యూట్‌లో అభిప్రాయభేదాలు వచ్చి హాల్డేన్ గారు బయటికి వచ్చారు. 1962లో బిజూ పట్నాయక్ గారి ప్రభుత్వం భువనేశ్వరంలో ఆయనకు ప్రయోగశాల ఏర్పాటు చేసింది. మరుసటి ఏటికే క్యాన్సర్ బయటపడింది. లండన్‌లో ఆపరేషను చేయించుకుని, ఆ జబ్బు మీదనే హాస్యపద్యం రాసి అచ్చు వేయించారు. క్యాన్సర్ కూడా శరీరకణాలలో పోగుపడిన ఉత్పరివర్తనాల ఫలితమేనని ఇవాళ మా కోడలు తరగతిలో చెబుతుంది. అది పిల్లలకు సంక్రమించే ప్రతిలో కాదు, మన దగ్గర ఉండిపోయే ఆఫీసు కాపీలో దొర్లే తప్పు.

1964 డిసెంబరు 1న భువనేశ్వరంలో ఆయన కన్నుమూశారు. ఏ కర్మకాండా లేకుండా దేహాన్ని వైద్యవిద్యార్థుల చదువుకు ఇవ్వాలని రాసిపెట్టుకున్నారు. అప్పటికి రంగరాయ వైద్య కళాశాల పెట్టి ఆరేళ్ళే అయింది. నేను అప్పుడు కాకినాడలోనే హైస్కూలు చదువుతున్నాను, ఆ వార్త నాకు తెలియనే తెలియదు. అక్కయ్య తొలి కాన్పుకు మా ఇంటికి వచ్చి ఉంది. సాయంత్రాలు అరుగుమీద కూర్చుని పిల్లవాడి మేజోళ్ళు అల్లుతూ ఉండేది.

ఈ వ్యాసం కార్యదర్శిగారికి ఇవ్వకముందు రాజమండ్రిలో ఉన్న మా మేనకోడలికి, అంటే అక్కయ్య కూతురికి, ఫోనులో చదివి వినిపించాను. మూడో వంతు లెక్క మళ్ళీ ఒకసారి చెప్పమంది, చెప్పాను. కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, అమ్మ ఉన్నప్పుడు ఇది ఎవరైనా ఆమెకు చెప్పారా మామయ్యా అని అడిగింది. లేదమ్మా అన్నాను.